మొండాయన తరఫున

బొగ్గుల పెట్టె ఉన్నన్నాళ్ళూ ఇస్త్రీ మేస్త్రి బతుకు బాగానే గడిచింది. చొక్కా పొగ వాసన వేస్తే బొగ్గులన్నాడు. కళ్ళు ఎర్రబడితే బొగ్గులన్నాడు. దగ్గు వచ్చినా బొగ్గులనే అన్నాడు. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన తాగిన ప్రతి సిగరెట్టు పాపాన్నీ ఆ బొగ్గులే మోశాయి.

అలాంటిది, కూతురు కరెంటు ఇస్త్రీపెట్టె కొని పంపింది. మీట నొక్కితే వేడెక్కుతుంది. పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. మేస్త్రి మాత్రం దాని ముందు, ఒక్కగానొక్క సాక్షి చచ్చిపోయిన ముద్దాయిలా నిలబడ్డాడు.

ఆయన భయమంతా భార్య ముక్కంటే. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అందుకని మూటల మీద పేర్లు రాసే పని పెట్టుకోలేదు. మడత విప్పి ఒకసారి వాసన చూసేది. "ఇది పంతులమ్మ గారి చీర, సుద్దముక్క. ఇది మందుల షాపాయన చొక్కా. ఈ దుప్పటి పిల్లిని పెంచేవాళ్ళది" అని చెప్పేసేది. ఇన్నేళ్ళలో ఒక్క జేబురుమాలు కూడా ఇల్లు మారలేదు.

"ఇంట్లో స్త్రీ, కొట్లో ఇస్త్రీ. వేడెక్కిన సంగతి చెయ్యి కాలితేగానీ తెలీదు" అని మేస్త్రి నలుగురితో అంటుండేవాడు. అనే ముందు ఆవిడ దగ్గర్లో లేదని రెండుసార్లు చూసుకునేవాడు.

కూతురికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. ఆడపిల్ల. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదన్నారు. ఫోన్లో ఫోటో వచ్చింది. పిల్ల పిడికిలి చొక్కా గుండీ అంత ఉంది. మేస్త్రి ఆ ఫోటో చూసి, ఫోన్ని కూడా రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత కూతురే మాట్లాడింది. "నాన్నా, వచ్చే నెల ఎనిమిదో తారీఖున పాపని తీసుకుని వస్తున్నా. డాక్టరుగారు ఒకటే చెప్పారు. సిగరెట్టు తాగే మనిషి దీన్ని ఎత్తుకోకూడదు. ఆ వాసనే దగ్గరికి రాకూడదు. నువ్వు మానేశావు కదా?"

"ఎప్పుడో" అన్నాడు మేస్త్రి.

'ఎప్పుడో' అన్న మాట వెనక్కీ చూస్తుంది, ముందుకీ చూస్తుంది. కాబట్టి తను ఆడింది అబద్ధం కాదని ఆయన తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పక్కనే కూర్చుని గుండీలు కుడుతున్న భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమైనా అంటే మేస్త్రికి కోపం వస్తుంది. ఏమీ అనకపోతే చెమట పడుతుంది.

అప్పటికి ఆయన లెక్క రోజుకి నాలుగు. మానేద్దామని నిజంగానే మొదలుపెట్టాడు. రెండు రోజులు నోట్లో పుల్ల పెట్టుకుని గడిపాడు. మూడో రోజు వకీలు గారి నల్లకోటు మీద పెట్టె ఉంచి సిగరెట్టు గురించి ఆలోచించాడు. కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె పటం దిగింది. వకీలు గారిని చూడగానే ఆయన వృత్తి గురించి జనానికి అనుమానం వచ్చే పరిస్థితి ఏర్పడింది.

సరిగ్గా అలాంటప్పుడు ఆస్పత్రి నర్సమ్మ కాయితాల కట్టతో కొట్టు దగ్గరికి వచ్చింది.

"మేస్త్రి గారూ, మా వెనక గదిలో మంగళవారాలు సిగరెట్టు మానిపించే మేడమ్ కూర్చుంటున్నారు. నమిలే బిళ్ళలున్నాయి. రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. అన్నీ ఉన్నాయి, వచ్చేవాళ్ళే లేరు. తాగేవాళ్ళని మా దగ్గరికి చేర్చే మనిషి కావాలి."

"దానికి నేనెందుకమ్మా?"

"ఈ వీధి జేబులన్నీ మీ చేతి మీదుగానే పోతాయి. ఎవరు తాగుతారో మీకన్నా ఎవరికి తెలుసు?"

మాట నిజమే. ఏ జేబు మూల పొగాకు పొడి ఉంటుందో, ఏ చొక్కాకి నిప్పురవ్వ చిల్లులున్నాయో, ఆ చిల్లులు ఎలక కొరికినవని ఏ పెద్దమనిషి ఇంట్లో చెప్పుకున్నాడో, అన్నీ మేస్త్రికి తెలుసు. కానీ ఆయన ఆలోచిస్తున్నది అది కాదు. పొద్దస్తమానం తాగేవాళ్ళ మధ్య తిరిగే మనిషి చొక్కా వాసన రాకుండా ఎలా ఉంటుంది? బొగ్గులు పోతే పోయాయి, మనుషులు దొరికారు.

"సేవ చెయ్యాలి తల్లీ. మనిషన్నాక సేవ చెయ్యాలి" అన్నాడు.

నర్సమ్మ తెగ పొగిడింది. పొగడ్తలో సగం పొగే కదా, మేస్త్రికి బాగా ఎక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య తలెత్తింది. "ఏమయ్యా, ఏమిటీ వాసన?"

"సేవ చేసొచ్చానే. సెలూన్ ఆయన పక్కన గంటసేపు కూర్చుని మంచి చెప్పా."

"పక్కన కూర్చుంటే చొక్కాకి అంటాలి. నోట్లోంచి వస్తోందేం?"

"నోరు తెరవకుండా మంచి ఎలా చెప్పమంటావే? తెరిస్తే లోపలికి పోదూ?"

"అలాగా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ 'అలాగా'ని మేస్త్రి నాలుగు వైపుల నుంచీ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మడత విడలేదు. దాంతో మరింత భయమేసింది.

వీధిలో తాగేవాళ్ళు ఏడుగురు తేలారు. సెలూన్ ఆయన, లెక్కల మాస్టారు, వడ్రంగి, వాచ్‌మన్, ఇద్దరు తాపీ పనివాళ్ళు, ఒక లారీ డ్రైవరు. మేస్త్రి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. ఆయనకి పెద్దగా చెప్పడం రాదు. అందుకని తన మనవరాలి సంగతే చెప్పేవాడు. "గుండీ అంత పిడికిలండీ. మన ఊపిరి దానికి విషమట. ఎత్తుకోకుండా ఎలా ఉంటాం, ఎత్తుకుని ఎలా ఉంటాం?" అనేవాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికేది. ఆ వణుకు ఎవరి కోసమో తెలీని ఏడుగురూ కళ్ళు తుడుచుకుని కాయితం మీద సంతకం పెట్టారు.

పెట్టాక ప్రతివాడూ, "సరే మేస్త్రీ, ఇదే చివరిది. తోడుగా నువ్వూ ఒకటి వెలిగించు" అన్నాడు. చావుబతుకుల్లో ఉన్నవాడి మాట కాదనొచ్చు గానీ, చివరి సిగరెట్టు వాడి మాట ఎలా కాదంటాం? పైగా ఒక్కొక్కడికీ మూడు నాలుగు చివరివి ఉన్నాయి. అందరి చివరివాటికీ తోడు వెళ్ళి మేస్త్రి నాలుగు నుంచి తొమ్మిదికి చేరాడు.

మూడు వారాలు తిరక్కుండానే అసలు ముప్పు వచ్చింది. వాళ్ళు మానేయడం మొదలుపెట్టారు.

మేస్త్రి దీన్ని ఊహించలేదు. ఏదో వెళతారు, బిళ్ళలు నములుతారు, మళ్ళీ తాగుతారు, తన వాసనకి ఆధారం ఉంటుందనుకున్నాడు. సెలూన్ ఆయన కత్తెర పట్టుకుని రోడ్డు మీదకే వచ్చేశాడు. "బాబాయ్, పదిహేను రోజులు. నీ మాట తగిలింది బాబాయ్. ఇవాళ సబ్బు వాసన తెలిసింది నాకు. ఎన్నేళ్ళయిందో."

సబ్బు వాసన తెలిసిందన్న మాటకి మేస్త్రి ఆ చుట్టుపక్కల నిలబడలేదు. మానేసినవాళ్ళకి ముక్కులు తెరుచుకుంటాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ వీధిలో ఒక్క ముక్కుకి భయపడితే సరిపోయేది. ఇప్పుడు తన చేత్తో తనే మరో అరడజను ముక్కులు తయారుచేశాడు. మర్నాడు లెక్కల మాస్టారు లుంగీ తీసుకుందుకు వచ్చి కొట్టు గుమ్మంలో ఆగిపోయాడు.

"మేస్త్రీ, ఇక్కడెవరో తాగారు."

"బొగ్గులండీ."

"అది కరెంటు పెట్టె కదయ్యా."

"పాత బొగ్గులండీ. గోడలు పీల్చుకున్నాయి" అన్నాడు మేస్త్రి. మాస్టారు గోడని వాసన చూసి మరీ వెళ్ళాడు.

ఆ రోజు మధ్యాహ్నం భార్య దిండు గలీబులు మడత పెడుతూ వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. "సెలూన్ ఆయన మానేశాడు. మాస్టారు మానేశాడు. వడ్రంగీ, వాచ్‌మనూ మానేశారు. తాపీ వాళ్ళిద్దరూ పందెం వేసుకుని మరీ మానేశారు. లారీ అతను లోడుతో పోయి పది రోజులైంది. ఏమయ్యా, వీధిలో పొగే లేదు. నీ చొక్కా మీదున్నది ఎవరిది?"

మేస్త్రికి గొంతు ఆరిపోయింది. ఆరిన గొంతులోంచి ఒక మనిషి పుట్టాడు.

"ఇంకొకాయన ఉన్నాడే. ఎనిమిదో ఆయన. చచ్చినా వినడు. మొండాయన."

"మొండాయనా? ఎక్కడుంటాడు?"

"దగ్గర్లోనే."

"ఏం పని?"

"నిలబడి చేసే పని."

"పెళ్ళయిందా?"

"అయింది పాపం."

"ఎవరికి పాపం?"

మేస్త్రి జవాబు వెతుక్కునేలోగా ఆవిడ ఇంకో గలీబు అందుకుంది. "తాగుతున్న సంగతి ఆవిడకి తెలుసా?"

"తెలీదట."

"తెలీదని ఎవరన్నారు?"

"ఆయనే."

"ఊఁ. పిల్లలు?"

"ఒక్కతే కూతురు" అనేశాక మేస్త్రి నాలుక కరుచుకున్నాడు.

"ఆ పిల్లకేం చెప్పాడో?"

"మానేశాననే చెప్పుంటాడు."

"ఛీ ఛీ. కన్నకూతురికి అబద్ధం చెప్పే మనిషితో నీకు స్నేహమేమిటయ్యా?" అని ఆవిడ గలీబుని ఒక్క దులుపు దులిపింది. ఆ గాలికి మేస్త్రి ఓ అడుగు వెనక్కి వేశాడు.

అది మొదలు ఇంట్లో ఎక్కడ చూసినా మొండాయనే. "ఏమయ్యా, మొండాయన ఇవాళ ఎన్ని తాగాడు?" "మొండాయనకి దగ్గు తగ్గిందా?" మేస్త్రి దగ్గితే, "ఆయన దగ్గు కూడా నీకంటుకుందే" అనేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "తారీఖు దగ్గరకొస్తోంది. మొండాయన వాసనతో ఈ గడప తొక్కితే పాపని నీ చేతికివ్వను. ఆయన సిగరెట్టు మానాలి, లేదా నువ్వు ఆయన్ని మానాలి" అంది.

మేస్త్రి ఎత్తిన ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. తనని తను మానడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

ఇంతలో నర్సమ్మ మళ్ళీ వచ్చింది. సంగతి ఆవిడ దాకా వెళ్ళిపోయిందన్నమాట. చాలా శ్రద్ధగా కాయితం తీసి, "పేరు?" అంది.

"చెప్పడం లేదమ్మా."

"పర్వాలేదు" అని నర్సమ్మ గుండ్రటి అక్షరాలతో 'శ్రీ మొండాయన గారు' అని రాసుకుంది. "మంగళవారం, రెండో తారీఖు, పదింటికి. ఎలాగైనా తీసుకురండి."

మంగళవారం పొద్దున్నే భార్య మంచి చీర కట్టుకుని తయారైంది.

"నువ్వెక్కడికే?"

"నీతోనే. రానంటే చెరో రెక్కా పట్టుకుని లాక్కొద్దాం. మొండివాడన్నావు కదా."

దారి పొడుగునా మేస్త్రి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, మొండాయన నిజంగా వస్తే బాగుండునన్నట్టు. ఆస్పత్రి నడవాలో బల్ల మీద సెలూన్ ఆయన, మాస్టారు కూర్చుని ఉన్నారు, వారం వారం చూపించుకునేందుకు వచ్చి. ఈయన్ని చూసి లేచి నిలబడ్డారు. గురువుగారికి చోటిచ్చి, ముక్కులు ఎగపీల్చి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భార్య వాళ్ళ పక్కనే స్థిమితంగా కూర్చుంది.

"శ్రీ మొండాయన గారు" అని లోపల్నుంచి పిలుపు వచ్చింది.

ఎవరూ కదల్లేదు. మేస్త్రి ఒక్కడే లేచి, తలుపు తోసుకుని, "ఆయన రాలేదండీ. ఆయన తరఫున నేనొచ్చాను" అన్నాడు.

మేడమ్ ఆశ్చర్యపోలేదు. "కూర్చోండి. పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తాడు?"

"మొహం కడుక్కున్నాకండీ." మేడమ్ కలం ఆపి చూసింది. "కడుక్కోక ముందేనండీ."

"ఎప్పుడైనా మానాడా?"

"రెండు రోజులు మానాడండీ. చేతులు ఊరుకోలేదు. ఓ కోటు కాల్చాడు."

"మానాలని ఉందా ఆయనకి?"

మేస్త్రి కిటికీలోంచి బయటకి చూశాడు. "ఉందండీ. చాలా ఉంది. మనవరాలు వస్తోంది. ఆరు రోజులే ఉంది. ఎత్తుకోవాలని ఉంటుంది కదండీ."

"మరి భయం దేనికి? ఎత్తుకోనివ్వరనా?"

"మొదట్లో అదేనండీ. ఇప్పుడు అది కాదు. అబద్ధం చెప్పి ఎత్తుకుంటాడు. అందరూ నమ్మి ఇస్తారు. ఆయన చేతుల్లో ఉండగా దానికి ఊపిరి ఆడకపోతే? పిడికిలి చూస్తే గుండీ అంతేనండీ."

మేడమ్ కాయితం పక్కన పెట్టింది. తర్వాత గొట్టం ఉన్న చిన్న యంత్రం ముందుకు జరిపింది. "ఊపిరి బిగబట్టి, దీంట్లోకి మెల్లగా ఊదండి. లోపల ఎంత పొగ ఉందో చెబుతుంది."

"నేనూదితే ఆయన లెక్క ఎలా వస్తుందండీ?"

"ఆయన తరఫున వచ్చారు కదా. ఆయన తరఫునే ఊదండి."

ఊదాడు. పద్దెనిమిది అని పడింది.

"తాగని మనిషికి అయిదో ఆరో దాటదు" అంది మేడమ్.

"ఆయన నాకు బాగా అంటుకున్నట్టున్నాడండీ" అన్నాడు మేస్త్రి. అని, తలొంచుకుని, తన చేతి వేళ్ళ పసుపుపచ్చ మరకల వంక చూసుకున్నాడు. మొండాయనకి అప్పజెబుదామంటే ఆ వేళ్ళు ఊడి రావు. "నా పేరే రాసుకోండమ్మా. ఎనిమిదో ఆయన్ని నేనే."

"రాసే ఉంది. మీరు ఎనిమిదో ఆయన కాదు, మొదటాయన" అని మేడమ్ కట్ట అడుగునున్న కాయితం లాగింది.

అందులో ఆయన పేరు ఉంది. నర్సమ్మ మొదటిసారి కొట్టుకి రావడానికి ముందురోజు తారీఖు ఉంది. 'తెలియజేసినవారు' అన్నచోట నీలం వేలిముద్ర ఉంది. ముద్రకి అడ్డంగా సన్నటి తెల్లగీత. ఇస్త్రీపెట్టె అంచు తగిలి కాలిన మచ్చ. ఈ ప్రపంచంలో ఏ వేలిముద్రా పోల్చుకోలేని మేస్త్రి ఆ ఒక్కదాన్నీ పోల్చుకున్నాడు.

బయటికొచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. సెలూన్ ఆయన, మాస్టారు గోడ మీదున్న గడియారాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగారు.

"ఏమంటాడు మొండాయన?" అంది ఆవిడ.

"ఒప్పుకున్నాడు."

"ఎన్ని అన్నాడు?"

"తొమ్మిది."

"నాలుగే కదయ్యా."

"సేవలో పెరిగాయే."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడుపు ఆపుకుందో మేస్త్రికి తెలియలేదు. కొంగు దించి అంది. "అడిగితే 'ఎప్పుడో' అంటావు. తిడితే కొట్టు వెనక్కి పోయి ఇంకోటి కాలుస్తావు. అందుకే ఊరందరికీ చెప్పే పని పెట్టించమన్నా నర్సమ్మని. పదిమందికి చెప్పినవాడికి ఎప్పటికైనా తన మాట తనకి వినపడుతుందనుకున్నా. ఏడుగురికి వినపడింది. నీకే చెవుడు."

"ఇప్పుడు వినపడి ఏం లాభమే? ఎనిమిదో తారీఖు వచ్చేసింది."

"పాప వచ్చేది ఇరవై ఎనిమిదిన. ఎనిమిదని నేనే చెప్పమన్నా. గడువు పెట్టకపోతే నువ్వు తువ్వాలు కూడా మడత పెట్టవు."

ఆ ఇరవై ఆరు రోజుల్లో మేస్త్రి చెయ్యని ఇస్త్రీ లేదు. చేతులు ఖాళీగా ఉంచకూడదని మేజోళ్ళకి మడతలు తీశాడు, నేల తుడిచే గుడ్డకి అంచులు దిద్దాడు. బిళ్ళ నమిలి బుగ్గన పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే ఒంటరిగా మూలకి పోయి మాట్లాడాడు. వాచ్‌మన్ తన ఉద్యోగం వదిలి ఈయన కొట్టు వెనక కాపలా కాశాడు. పొగ మానాడేమో, మేస్త్రి పొగరు పెరిగి రెండు రోజులు అందరితోనూ తగువు పెట్టుకున్నాడు. తొమ్మిదో రోజు వాచ్‌మన్ కళ్ళు గప్పి రెండు దమ్ములు లాగి, మేడమ్‌కి తనే ఫోన్ చేసి చెప్పుకున్నాడు. "జారితే లేవాలి. పడుకోకూడదు" అందావిడ. లేచాడు.

ఇరవై ఎనిమిదిన కూతురు వచ్చింది. పాప ఒంటి చుట్టూ నాలుగు పొరల గుడ్డలున్నాయి. లోపల పాప ఎక్కడుందో వెతుక్కోవాలి.

"నాన్నా, మానేశావా?" అంది కూతురు గుమ్మంలోనే.

మేస్త్రి ఒకసారి భార్య వంక చూశాడు. "ఇరవై ఆరు రోజులమ్మా. మధ్యలో ఓసారి జారాను. జారి పదిహేడు రోజులైంది. అంతకుముందు చెప్పింది అబద్ధం. నీ ఇష్టం తల్లీ, ఇవ్వకపోయినా ఏమీ అనుకోను."

కూతురు చాలాసేపు ఆలోచించింది. అంతసేపూ మేస్త్రి ఊపిరి బిగబట్టే ఉన్నాడు, గొట్టంలో ఊదడానికి ముందులాగా. చివరికి ఆ గుడ్డల మూట ఆయన చేతుల్లోకి వచ్చింది. ఏ మూట ఎత్తినా బరువు చెప్పగల మనిషి. ఈ మూట బరువు మాత్రం చెప్పలేకపోయాడు.

అరగంట గడిచింది. సిగరెట్టు మీదకి ప్రాణం లాగింది. బిళ్ళ జేబులో ఉంది, జేబు పాప కింద ఉంది.

"ఏమే, కాస్త పట్టుకో."

"ఎందుకు?"

"చేతులు తిమ్మిరెక్కాయి."

"ఎక్కనీ. తిమ్మిరి చేతులు ఇంకేమీ పట్టుకోలేవు."

"మూటలు పేరుకుపోయాయి. వకీలు గారు కోటు అడుగుతున్నారు."

"కోటు నేను చేస్తా. నేను చేస్తే కాలదు."

"పాప తడిపిందే."

"తడిపితే గుడ్డ మార్చు. నువ్వే మార్చు" అని పొడిగుడ్డ భుజం మీద వేసి, ఆవిడ కూతుర్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి ఇద్దరి నవ్వూ వినిపిస్తోంది.

పాపని ఎత్తుకోవడానికి మేస్త్రికి నెల రోజులకి సరిపడా అబద్ధాలు దొరికాయి. దించడానికి ఒక్కటి దొరకలేదు.